మచు పిచ్చుకి ఒక్క రోజే ఉంటే: పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా సలహా

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. డాలస్‌లో మీ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలతో జూన్‌లో పెరూ వెళ్తున్నారు. కుస్కో వైపు ఉండేది మూడు రోజులు, అందులో మచు పిచ్చుకి, అంటే స్పానిష్‌వాళ్లు రాకముందు అక్కడ ఏలిన ఇంకాలు కొండ మీద కట్టిన పాత ఊరికి, ఒక్క రోజు. ఇద్దరికీ అరవై దాటాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, అందరూ శాకాహారులు. కుస్కో నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా, ఏ టికెట్ కొనాలి, వెనకున్న శిఖరం ఎక్కాలా, గైడ్ అవసరమా అని అడిగారు. ఫోటోల్లో వెయ్యిసార్లు చూసినదాని కోసం ఇంత దూరం, ఇంత ఖర్చు అవసరమా అని నాన్నగారి సందేహం అన్నారు.

నాన్నగారి సందేహంతోనే మొదలుపెడతాను. ఆ రోజుని ఎలా ప్లాన్ చేసుకోవాలన్నది దాని జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

నేను సివిల్ ఇంజనీర్‌ని. కాలువలు, వాననీటి డ్రైనేజీ నా పని. మచు పిచ్చు గురించి ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే: ఫోటోలో కనబడేది ఆ ఊళ్లో సగం కూడా కాదు. 1990ల్లో కెన్నెత్ రైట్ అనే అమెరికన్ నీటి ఇంజనీరు, పెరూ పురావస్తు శాస్త్రవేత్త అల్ఫ్రెడో వాలెన్సియా సెగార్రాతో కలిసి అక్కడి నీటి ఏర్పాట్లన్నీ కొలిచి చూశారు. ఆ నిర్మాణంలో దాదాపు 60 శాతం నేల కిందే ఉందని రైట్ అంచనా. అంటే పునాదులు, రాళ్ల పొరలు, నీరు దిగిపోయే దారులు. ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడే చోటది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడేదానికి రెండింతలు దాటుతుంది. రెండు శిఖరాల మధ్య ఇరుకైన గట్టు, ఇరువైపులా నిటారు లోయ, అడుగున ఉరుబంబా నది. అలాంటి చోట ఇనుప పనిముట్లు, చక్రాల బండ్లు, సున్నం ఏవీ లేకుండా కట్టిన గోడలు ఐదు వందల ఏళ్లు దాటినా నిలబడి ఉన్నాయి. ఎందుకు జారిపోలేదన్నది ఫోటోలో కనబడదు. అక్కడ నిలబడి, వాన నీరు ఎటు పోతుందని వెతికితేనే తెలుస్తుంది. నాన్నగారికి ఈ ఒక్క ప్రశ్న ఇచ్చి తీసుకెళ్లండి. ఆయనకి ఆ రోజు సరిపోదు.

అందుకే కుస్కో నుంచి ఒకే రోజులో వెళ్లి రావడం వద్దు. వీలుకాక కాదు, చాలామంది చేస్తారు. తెల్లవారుజామున మూడు నాలుగింటికి లేచి రెండు గంటలు రోడ్డు మీద, గంటన్నరకి పైగా రైల్లో, ఆపైన బస్సులో వెళ్లి గేటు దాకా చేరేసరికి పెద్దవాళ్ల ఓపిక అయిపోతుంది. లోపల ఉండేది రెండున్నర, మూడు గంటలు. మళ్లీ అదే దారిలో రాత్రి పదింటికి హోటల్. లోపలున్నంతసేపూ రైలు టైము గురించిన టెన్షనే ఉంటుంది. ముందు రాత్రి కొండ కిందున్న ఆగ్వాస్ కాలియెంతెస్ ఊళ్లో పడుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక్కడ ఎత్తుల సంగతి కూడా చూడాలి. చాలామంది మచు పిచ్చు చాలా ఎత్తు, కుస్కో మామూలు ఊరు అనుకుంటారు. నిజానికి కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, మచు పిచ్చు 2,430 మీటర్లే. ఆగ్వాస్ కాలియెంతెస్ ఇంకా కింద, సుమారు 2,040. తలనొప్పి, వాంతులు, రాత్రి నిద్రలో ఊపిరి అందక లేవడం లాంటివన్నీ ఎక్కువగా కుస్కోలోనే మొదలవుతాయి. కాబట్టి మీ మూడు రోజుల వరుస తిప్పేయండి. కుస్కోలో విమానం దిగిన వెంటనే కారు మాట్లాడుకుని 2,800 మీటర్ల దగ్గరున్న ఒయాంతాయ్‌తంబో ఊరికి దిగిపోండి. ఆ రాత్రి అక్కడే ఉండండి. రెండో రోజు పొద్దున ఆ ఊరి శిథిలాలు చూసి, మధ్యాహ్నం రైల్లో ఆగ్వాస్ కాలియెంతెస్ చేరండి. మూడో రోజు పొద్దున మచు పిచ్చు, సాయంత్రం రైల్లో వెనక్కి, రాత్రికి కుస్కో. అప్పటికి ఒంటికి కాస్త అలవాటవుతుంది, కుస్కో ఎత్తు అంతగా ఇబ్బంది పెట్టదు.

ఎత్తుకి వాడే అసెటజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. నాన్నగారు, అమ్మగారు బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే, సల్ఫా మందులు పడకపోతే అది డాక్టర్ తేల్చాల్సిన విషయం. మొదటి రోజు మెల్లగా నడవండి, నీళ్లు బాగా తాగండి, రాత్రి తక్కువ తినండి. హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారు. అక్కడ అది మామూలు పానీయం, తాగొచ్చు. కానీ మీ ఉద్యోగంలో డ్రగ్ టెస్టులుంటే మీరు మానేయండి, ఆ టీ తాగినా టెస్టులో పాజిటివ్ రావచ్చు. ఆ ఆకులు గానీ టీ పొట్లాలు గానీ అమెరికాకీ ఇండియాకీ తేకండి. రెండు చోట్లా చట్టరీత్యా నేరం.

ఒయాంతాయ్‌తంబోని రైలెక్కే స్టేషన్ ఊరుగా మాత్రమే చూసి వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంకాల కాలపు వీధులు, ఇళ్ల పునాదులు అలాగే ఉండి, జనం ఇప్పటికీ వాటి మధ్యే బతుకుతున్న ఊరది. వీధుల పక్కన రాతి కాలువల్లో కొండ నీళ్లు ఈనాటికీ పారుతుంటాయి. మెట్ల పొలాలకి ఎగువన సూర్యాలయం అని పిలిచే చోట ఆరు పెద్ద రాతి పలకలు పక్కపక్కన నిలబెట్టి ఉంటాయి. అవి వచ్చింది నది అవతలి కొండ మీదున్న కచికాతా గని నుంచి. అంటే అంతంత బరువున్న రాళ్లని ఆ కొండ మీద నుంచి కిందికి దింపి, నది దాటించి, మళ్లీ ఈ కొండ మీదికి ఎక్కించారు. పని మధ్యలో ఆగిపోయింది. దారిలో వదిలేసిన రాళ్లు ఇంకా అక్కడక్కడా పడి ఉన్నాయి, ఊరివాళ్లు వాటిని అలిసిపోయిన రాళ్లు అంటారు. 1537లో హెర్నాందో పిసార్రో నడిపిన స్పానిష్ సేనని ఇంకాల రాజు మాంకో వెనక్కి తరిమింది కూడా ఇక్కడే. కింది మైదానంలోకి కాలువ నీళ్లు వదిలి గుర్రాలు కదలకుండా చేశారని ఆనాటి కథనాలు చెప్తాయి. నీటిని ఇంత బాగా ఎరిగిన మనుషులు యుద్ధంలోనూ దాన్నే వాడారు. అమ్మగారు పైదాకా మెట్లెక్కనక్కర్లేదు. కింద నీటి తొట్లు, కాలువలు ఉన్న భాగం చదునుగా ఉంటుంది, అక్కడ కూర్చుంటే చాలు.

ఇక మచు పిచ్చు టికెట్. 2024 జూన్ నుంచి పద్ధతి మారింది, పాత బ్లాగులు చూసి కొనకండి. ఇప్పుడు మూడు సర్క్యూట్లు, వాటిలో 2-ఏ, 2-బి లాంటి పేర్లతో మొత్తం పది దారులు. టికెట్ మీద రాసిన దారిలోనే వెళ్లాలి, లోపల మార్చుకోవడం కుదరదు. వెనక్కి నడవనివ్వరు, బయటికొస్తే అదే టికెట్ మీద మళ్లీ రానివ్వరు. రోజుకి మామూలుగా 4,500 మందిని, రద్దీ రోజుల్లో 5,600 మంది దాకా రానిస్తారు. సర్క్యూట్ 1 పైనుంచి చూసే దారి. ఫోటో అద్భుతంగా వస్తుంది గానీ ఊళ్లోకి అడుగుపెట్టరు. తెలియక అదే కొని, గేటు దాకా వచ్చి బాధపడేవాళ్లు చాలామంది. సర్క్యూట్ 2లో ఆ ప్రసిద్ధ ఫోటో చోటూ ఉంటుంది, ప్రధాన ద్వారం గుండా ఊళ్లోకీ వెళ్తారు. సర్క్యూట్ 3 కింది భాగం. సూర్యాలయాన్నీ నీటి ధారల వరుసనీ దగ్గరగా చూస్తారు, ఎక్కడం తక్కువ.

మీకు నా సలహా 2-బి. మూడంతస్తుల మెట్లు మధ్యలో ఆగుతూ ఎక్కగలిగితే అమ్మగారు దాన్ని చేయగలరు. ఇందులో ఫోటో తీసుకునే మెట్టు 2-ఏ కంటే కింద ఉంటుంది. అయితే లోపలి మెట్లు ఒకటి జానెడు, ఒకటి మూరెడు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు. అది కష్టమని మీకు అనిపిస్తే మాత్రం సందేహించకుండా అందరూ 3-బి తీసుకోండి. పోస్టర్ ఫోటో రాదన్న లోటు తప్ప ఇంకేం తక్కువ కాదు. నీళ్ల కోసం వెళ్లేవాడిగా నాకైతే అదే ఎక్కువ ఇష్టం. అమ్మగారిని ఒక దారిలో, మీరు ఒక దారిలో వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. లోపల కలుసుకోలేరు, ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం లేదు.

వైనా పిచ్చు శిఖరం ఎక్కాలా అన్నారు. ఫోటోల్లో వెనక నిలబడి ఉండేది అదే, సుమారు 2,700 మీటర్లు. మెట్లు చాలా నిటారు, కొన్ని చోట్ల కేబుల్ పట్టుకుని ఎక్కాలి. ఉన్నది ఒక్క రోజు, పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడు వద్దనే చెప్తాను. ఆ శక్తి, ఆ రెండు మూడు గంటలు ఊళ్లోనే పెట్టండి. ఇరవై ఏళ్ల పిల్లలు స్నేహితులతో వెళ్తుంటే వేరే మాట.

ధరల సంగతి: విదేశీ పెద్దలకి మామూలు దారులు 152 సోల్‌లు (పెరూ డబ్బు), శిఖరాలతో కలిపినవి 200 సోల్‌లు ఉన్నప్పుడు చూశాను. కొనే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. టికెట్ మీద పేరూ నంబరూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, గేటు దగ్గర అసలు పాస్‌పోర్ట్ అడుగుతారు. మన ఇంటిపేర్లతో ఇక్కడే చిక్కొస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడిలో ఏముందో అదే ఆ గడిలో కొట్టండి. ఆన్‌లైన్‌లో అయిపోతే ఆగ్వాస్ కాలియెంతెస్ ఊళ్లోని కౌంటర్‌లో రోజుకి వెయ్యి టికెట్లు నేరుగా అమ్ముతారు. కానీ అక్కడ క్యూలో నిలబడాలి, దొరికిన దారితో సరిపెట్టుకోవాలి. పెద్దవాళ్లతో ఆ ధైర్యం చేయకండి.

ఏ టైము తీసుకోవాలి? గేటు పొద్దున ఆరింటికి తెరుస్తారు. ఆరింటి స్లాట్‌కి అందరూ ఎగబడతారు గానీ ఆ టైములో తరచు మంచు కమ్మి, ఎదురుగా ఉన్న గోడ తప్ప ఏమీ కనబడదు. జూన్‌లో ఏడు, ఎనిమిది మంచివి. మంచు విడిపోతుండగా లోపల ఉంటారు, ఒయాంతాయ్‌తంబో నుంచి పొద్దున రైళ్లలో వచ్చే జనం ఇంకా పూర్తిగా ఎక్కి ఉండరు. కొండ కింద నుంచి గేటు దాకా బస్సు ఉంది, మెలికల రోడ్డులో ఇరవై ఐదు నిమిషాలు. రానూపోనూ 24 డాలర్ల చుట్టూ ఉంటుంది. ఆ డబ్బు మిగుల్చుకుందామని మెట్లదారిలో ఎక్కించకండి. అది గంటన్నర నిటారు ఎక్కుడు, గేటుకి చేరేసరికి మోకాళ్ల పని అయిపోతుంది. మీ స్లాట్‌కి గంటన్నర ముందు బస్సు క్యూలో ఉండండి.

గేటు బయటే మరుగుదొడ్లు ఉన్నాయి, రెండు సోల్‌లు చిల్లర పెట్టుకోండి. లోపల ఒక్కటీ లేదు. అరవై దాటినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, కాబట్టి గేటు దాటే ముందు అందరూ ఒకసారి వెళ్లి రావాలి. లోపల తినడం నిషేధం. పెద్ద బ్యాగులు, ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్, డ్రోన్ తీసుకురానివ్వరు. చేతికర్ర అమ్మగారికి అనుమతిస్తారు గానీ కింద రబ్బరు తొడుగు ఉండాలి, లేకపోతే రాళ్లు దెబ్బతింటాయని ఆపేస్తారు. టోపీ, సన్‌స్క్రీన్, పల్చటి వాన కోటు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. కనబడీ కనబడని చిన్న ఈగలు కుడతాయి, వారం దాకా దురద పోదు. రిపెల్లెంట్ రాసుకోండి.

గైడ్ కావాలి. గేటు దగ్గర లైసెన్స్ ఉన్నవాళ్లు దొరుకుతారు, హోటల్ ద్వారా ముందే మాట్లాడుకుంటే మరీ మంచిది. మాట్లాడుకునేటప్పుడే మెల్లగా నడుస్తామని, నీటి కాలువలు, గోడల పని వివరంగా చూపించాలని చెప్పండి. చెప్పకపోతే ఫోటోలు తీయడంలోనే సగం టైము పోతుంది.

లోపల ఏం చూడాలి? ముందు మెట్ల పొలాలు. బయటికి కనబడేది మూడు నాలుగు అడుగుల రాతి గోడ, దాని మీద గడ్డి. లోపల అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆపైన ఇసుక కలిసిన మట్టి, అన్నిటికన్నా పైన సాగు మట్టి. ఎంత వాన పడ్డా నీరు గోడని నెట్టకుండా పొరల గుండా కిందికి జారిపోతుంది. మనం ఈరోజు రిటైనింగ్ వాల్ వెనక కంకర ఫిల్టర్ వేసి, నీరు పోయే రంధ్రాలు వదులుతాం కదా, సరిగ్గా అదే. ఈ మెట్లు పంట కోసం ఎంతో, కొండని పట్టి ఉంచడం కోసం అంత. ఊరి మధ్య పచ్చిక మైదానం కింద కూడా రాళ్లు చెక్కగా మిగిలిన గ్రానైట్ పెళ్లలే దట్టంగా పరిచారు. చెక్కుడు వ్యర్థం పారేయకుండా దాన్నే డ్రైనేజీ పొరగా వాడారు.

తర్వాత పొలాల భాగానికీ ఇళ్ల భాగానికీ మధ్య కొండ వాలు వెంట కిందికి దిగే పెద్ద కందకం చూడండి. అది ఊరంతటికీ పెద్ద వాననీటి కాలువ. గోడల అడుగున చిన్న చిన్న చదరపు రంధ్రాలు కనబడతాయి. అలాంటివి ఊరంతా కలిపి వందకి పైగా ఉన్నాయి. నాన్నగారిని లెక్కపెట్టమనండి, మెడ వంచి నడుస్తారు, మెట్లు కూడా చూసుకుంటారు.

తాగునీరు మచు పిచ్చు కొండ ఉత్తర వాలు మీదున్న ఊట నుంచి వస్తుంది. అక్కడి నుంచి 749 మీటర్ల రాతి కాలువ, చేతి వెడల్పు కంటే పెద్దగా ఉండదు. వాటం ఎంత జాగ్రత్తగా పెట్టారంటే నీరు పొంగదు, నిలబడదు. వానలు లేని నెలల్లో ఊట నిమిషానికి పాతిక లీటర్ల లోపుకి పడిపోతుందని, వానల్లో వంద దాటుతుందని రైట్ బృందం కొలిచింది. ఆ మాత్రం నీటితో పదహారు ధారలు ఒకదాని కింద ఒకటి మెట్ల పక్కన దిగుతాయి. మొదటి ధార రాజు ఇంటి పక్కనే, అంటే ఇంకెవరి చెయ్యీ తగలని నీరు ముందు ఆయనకే అందుతుంది. ప్రతి ధార దగ్గర బిందె పెట్టుకునేలా నీరు ఎగిరి పడే రాతి పెదవి చెక్కారు. కొండ ఊటని, కాలువని ముందు కొలుచుకుని, ధార ఎక్కడ పడితే బాగుంటుందో తేల్చుకుని, దాన్ని బట్టి ఇళ్లు కట్టారని చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. 3-బిలో వీటిని దగ్గరగా చూస్తారు, 2లో పైనుంచి.

సూర్యాలయం వంపు తిరిగిన గోడ ఒక పెద్ద సహజ బండ మీద కూర్చుని ఉంటుంది. జూన్ 21 దరిదాపుల్లో సూర్యోదయపు వెలుగు దాని కిటికీలోంచి లోపలి బండ మీద పడుతుంది. మీరు జూన్‌లోనే వెళ్తున్నారు కాబట్టి గైడ్‌ని ఆ కిటికీ చూపించమనండి. ఆ గోడ రాళ్ల అతుకుల్ని, మామూలు ఇళ్ల గోడల్ని పక్కపక్కన పోల్చండి. ఊరంతా ఒకే నాణ్యతతో కట్టలేదు. దేవుడికీ రాజుకీ సన్నటి అతుకులు, పనివాళ్ల ఇళ్లకి మట్టి పెట్టి పేర్చిన రాళ్లు. తలుపులూ కిటికీలూ అన్నీ పైకి వెళ్లేకొద్దీ సన్నబడతాయి, గోడలు లోపలికి కాస్త వాలి ఉంటాయి. భూకంపాల నేల మీద అది అవసరం. మూడు కిటికీల గుడి దగ్గర రాతి గని కూడా అక్కడే కనబడుతుంది. ఈ కొండ కింద భూమి పగుళ్లు ఒకదాన్నొకటి దాటుతున్నాయని, రాయి ముందే విరిగి ఉండటం వల్ల చెక్కే పనీ తగ్గింది, నీరూ దిగిపోయిందని బ్రెజిల్ భూగర్భ శాస్త్రవేత్త రువాల్దో మెనెగాట్ 2019లో వివరించారు. చాలామంది పగుళ్లు చూసి వదిలేసే చోటుని వాళ్లు ఏరి కోరి ఎంచుకున్నారు.

ఇంతివతానా అనే చెక్కిన రాయి ఊళ్లో ఎత్తైన చోట ఉంది. 2000లో ఒక బీరు ప్రకటన షూటింగ్‌లో క్రేన్ పడి దాని అంచు ముక్క విరిగింది. ఐదు శతాబ్దాలు చెక్కుచెదరనిది ఒక మధ్యాహ్నం విరిగింది. అందుకే అక్కడి నియమాలు కఠినం, దగ్గరికి వెళ్లనివ్వడం కూడా అప్పటి నిబంధనల్ని బట్టే. ఏ రాయినీ తాకనివ్వకపోతే కోపం తెచ్చుకోకండి.

చరిత్ర నాలుగు మాటల్లో. పదిహేనో శతాబ్దంలో పచకూతి అనే ఇంకా చక్రవర్తి కాలంలో కట్టిన రాజ విడిది ఇది. 1450 అని రాస్తుండేవారు. ఎముకల రేడియోకార్బన్ పరీక్షలతో 2021లో వచ్చిన అధ్యయనం 1420 నాటికే ఇక్కడ జనం ఉన్నారని చూపింది. రాజు ఉండేది ఏడాదిలో కొద్దికాలమే, ఏడాది పొడవునా ఉండేది పనివాళ్లు. వాళ్ల అవశేషాల మీద 2023లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం, సామ్రాజ్యం నలుమూలల నుంచీ, అమెజాన్ వైపు నుంచి కూడా మనుషుల్ని తెచ్చారని తేల్చింది. ఆ గోడల్ని చూస్తున్నప్పుడు పచకూతి పేరు కంటే వాళ్లని తలుచుకోవడం న్యాయమని నా నమ్మకం. అలాగే 1911 జులై 24న హైరమ్ బింగమ్ దీన్ని "కనుగొన్నాడు" అని గైడ్ అంటే, అప్పటికే ఆ మెట్ల పొలాల్లో రెండు రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయని, అగుస్తిన్ లిసార్రాగా 1902లోనే అక్కడి గోడ మీద తన పేరు రాశాడని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. బింగమ్ యేల్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లిన వస్తువులు దాదాపు వందేళ్ల తర్వాత, 2011, 2012లో పెరూకి తిరిగొచ్చాయి. కుస్కోలో కాసా కోంచా మ్యూజియంలో ఉన్నాయి. మూడో రోజు రాత్రి కుస్కోలో ఉంటారు కాబట్టి, మర్నాడు విమానం మధ్యాహ్నమైతే పొద్దున అక్కడికి వెళ్లండి. కొండ మీద ఖాళీ గదులు చూసొచ్చాక వాళ్ల కుండలు, పిన్నులు, పనిముట్లు చూస్తే ఆ గదుల్లో మనుషులు కనబడతారు.

తిండి. పెరూలో అన్నం ప్రతి హోటల్లోనూ ఉంటుంది, అదొక పెద్ద ఊరట. కినోవా సూప్, బంగాళాదుంపలు, పెద్ద గింజల తెల్ల మొక్కజొన్న, అవకాడో, గుడ్డు తింటే గుడ్డు. "సిన్ కార్నే" అంటే మాంసం వద్దని, కానీ చాలామంది దాన్ని గొడ్డు మాంసం వరకే అనుకుని కోడి వేసి ఇస్తారు. కాబట్టి "సిన్ పోయో, సిన్ పెస్కాడో" అని కోడి, చేప కూడా వద్దని చెప్పండి. సూపు కోడి నీళ్లతో చేశారా అని విడిగా అడగండి, చాలా చోట్ల అదే. అమ్మగారి సంచిలో కందిపొడి ఉంటే ఎయిర్‌పోర్ట్‌లో డిక్లేర్ చేసి తీసుకెళ్లండి. మార్కెట్లో మిరపకాయలు, టమాటాలు, వేరుశనగ చూసినప్పుడు అమ్మగారికి చెప్పండి: మన పచ్చళ్లలోకి, పల్లీ చట్నీలోకి వచ్చిన ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికానే. అక్కడి రొకోటో మిరప చూడ్డానికి చిన్న టమాటాలా ఉంటుంది, కొరికే ముందు జాగ్రత్త.

కాగితాలు. భారత పాస్‌పోర్ట్ మీద కనీసం ఆరు నెలలు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే పెరూకి విడిగా టూరిస్ట్ వీసా అక్కర్లేదన్నది నియమం. అమ్మానాన్నల వీసా గడువు తేదీ ఇప్పుడే చూడండి, టికెట్లు కొనే ముందు పెరూ కాన్సులేట్ సైట్‌లో ఒకసారి నిర్ధారించుకోండి. ఎల్లో ఫీవర్ సంగతి చాలామందికి తెలియదు. కుస్కో, మచు పిచ్చు వరకే వెళ్లేవాళ్లకి ఆ టీకా సాధారణంగా సిఫారసు చేయరు. కానీ ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాలని ఇండియా పెట్టుకున్న జాబితాలో పెరూ ఉంది. అక్కడి నుంచి బయల్దేరి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్లకి ఆ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా వేయించకండి. తేలికైన దారి ఏమిటంటే, పెరూ నుంచి డాలస్ వచ్చి వారం పది రోజులు ఉన్నాకే వాళ్ల ఇండియా టికెట్ పెట్టండి. గేటు బయట మచు పిచ్చు ముద్ర ఒకటి ఉంటుంది, సరదాగా పాస్‌పోర్ట్‌లో వేసుకుంటారు. అది అధికారిక ముద్ర కాదు. ఏదైనా నోట్‌బుక్‌లో వేయించుకోండి.

అంతర్జాతీయ విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచమని గట్టిగా చెప్తాను. ఆగ్వాస్ కాలియెంతెస్‌కి మామూలు రోడ్డు లేదు, రైలు పట్టా ఒక్కటే. 2010 జనవరి వరదల్లో పట్టాలు కొట్టుకుపోయి వేల మందిని హెలికాప్టర్లలో తరలించాల్సి వచ్చింది. 2023 జనవరిలో ఆందోళనల వల్ల మచు పిచ్చునే మూడు వారాలకి పైగా మూసేశారు. జూన్‌లో వరద భయం లేదు గానీ సమ్మెలు ఏ నెలలోనైనా రావచ్చు.

కొనే వరుస కూడా చెప్తాను. ముందు ప్రవేశ టికెట్, అది దొరికిన తేదీని బట్టి రైలు, ఆ తర్వాత రెండు ఊళ్లలో హోటళ్లు, చివర బస్సు. రైల్లో పెద్ద సూట్‌కేసులు ఎక్కించుకోరు, వాటిని ఒయాంతాయ్‌తంబో హోటల్లోనే వదిలి ఒక రాత్రికి సరిపడా చిన్న బ్యాగుతో వెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చు. జూన్ రద్దీ నెల, 24న కుస్కోలో ఇంతి రాయ్మీ పండగ కూడా ఉంది. ఆ వారం తప్పించగలిగితే తప్పించండి. లేదంటే మూడు నాలుగు నెలల ముందే కొనేయండి. అమ్మగారు మెట్లు ఎంతవరకు ఎక్కగలరో ఈ వారంలోనే ఒకసారి నడిపించి చూస్తే, 2-బియా 3-బియా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.